ప్రశాంత గదిలో ఉదయం పదకొండూ పది

"పన్నెండింటిలో తొమ్మిది," అంది డాక్టర్ హైమవతి. తూకం మీది ఎలుకను దించి బోనులో పెట్టి, చేతి తొడుగులు విప్పింది. "తొమ్మిదింటికీ పొట్టలు వచ్చేశాయి సార్."

గదిలో ఉన్న ఏడుగురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

సోమవారం. ఉదయం తొమ్మిదీ నలభై. గురువారం పది గంటలకు కరివేపాకు మాత్ర విడుదల చేయడానికి కమిషనర్ గారు వస్తున్నారు. ఆహ్వాన పత్రికలు పంచేశాం. షామియానా చెప్పేశాం. మాత్రకు పేరు కూడా పెట్టేశాం. ఒక్క పరిశోధన ఫలితమే రావలసి ఉంది.

"పొట్టలు వచ్చినవి ఏ గదివి?" అని అడిగారు డైరెక్టర్ గారు.

"ప్రశాంత గదివి సార్."

"అసంభవం. ఆ గదికి నేను స్వయంగా ప్రశాంతత మంజూరు చేశాను."

ఆయన మంజూరు చేసినది లేకపోవడమన్నది మా సంస్థలో అదే మొదటిసారి.

మాది కాకినాడ నుంచి సామర్లకోట వెళ్లే రోడ్డు మీద ఉన్న మూలికా పరిశోధన సంస్థ. నేను అందులో సూపరింటెండెంటుని, పంపన సూర్యారావు. నాకు సైన్సు తెలియదు గానీ ఫైలు తెలుసు. ఫైలు ప్రకారం విషయం ఇది. మనిషికైనా ఎలుకకైనా వారాల తరబడి మనసుకు నెమ్మది లేకపోతే ఒంట్లో ఒక హార్మోను పెరుగుతుంది. తిన్నదాన్ని అది కొవ్వుగా మార్చి పొట్ట చుట్టూ చేరుస్తుంది. కరివేపాకులో ఉన్న పదార్థాలు ఆ కొవ్వును ఆపుతాయా, ఆపవా? అది తేల్చాలి.

తేల్చడానికి రెండు గదులు. ఒత్తిడి గదిలో పన్నెండు ఎలుకలు. వాటిలో సగానికి కరివేపాకు రసం, సగానికి మంచినీళ్లు. ప్రశాంత గదిలో ఇంకో పన్నెండు. వీటికి ఒత్తిడీ లేదు, కరివేపాకూ లేదు. పోల్చి చూసుకోవడానికి హాయిగా బతకడమే వాటి ఉద్యోగం.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, ఎలుకలకు ఒత్తిడి ఎలా కలిగించాలి? చన్నీళ్లలో వదలడం, ఇరుకు గొట్టంలో బిగించడం లాంటి పద్ధతులు జంతు సంక్షేమ సంఘం ఒప్పుకోలేదు. "ప్రభుత్వోద్యోగి నిత్యము భరించుచున్న ఒత్తిడికి మించిన ఒత్తిడిని ఎలుకకు కలిగించరాదు" అని రాసి పంపింది. డైరెక్టర్ గారు ఒక్క క్షణం ఆలోచించి, తన మార్చి నెల సమీక్షా సమావేశం రికార్డింగు తెప్పించారు. మూడు గంటల నలభై నిమిషాలు. దాన్ని ఒత్తిడి గదిలో రోజుకు రెండుసార్లు వినిపించమన్నారు.

మొదటి రెండు రోజులూ ఎలుకలు వెనక కాళ్ల మీద నిలబడి విన్నాయి. మూడో రోజు వాటికి ఒక సంగతి అర్థమైంది. అది అర్థం కావడానికి నాకు నాలుగేళ్లు పట్టింది. సమీక్షా సమావేశం తర్వాత ఏమీ జరగదు. నాలుగో రోజు నుంచి అవి రికార్డింగు మొదలవగానే ముడుచుకుని పడుకోవడం నేర్చుకున్నాయి. నలభై ఒక్క రోజులు గడిచేసరికి కరివేపాకు తాగినవీ, తాగనివీ అన్నీ నాజూగ్గా నిగనిగలాడుతున్నాయి.

ఒత్తిడి గదిలో ఒత్తిడి లేదు. ప్రశాంత గదిలో పొట్టలు.

"ఇది విద్రోహ చర్య," అన్నారు డైరెక్టర్ గారు. "ఎవరో ఆ గదిలో చొరబడి నా ఎలుకలను వేధిస్తున్నారు. అందులోకి వెళ్లేదెవరు?"

అందరి కళ్లూ గుమ్మం వైపు తిరిగాయి. గుమ్మంలో నానబెట్టిన శనగల గిన్నెతో నూకరత్నం నిలబడి ఉంది.

నూకరత్నం పదకొండేళ్లుగా మా జంతుశాలలో కాంట్రాక్టు మీద పనిచేస్తోంది. ఎలుకలకు మేత వేసేదీ, బోనులు కడిగేదీ ఆవిడే. ఉద్యోగం పర్మనెంటు చేసే ఫైలు పదకొండేళ్లూ బల్లలన్నీ తిరిగి, చివరికి డైరెక్టర్ గారి బల్ల మీదికి చేరింది. ఒక్క సంతకం తక్కువ. ఆ సంతకం పడవలసిన వారంలో ఆవిడకు మెమో వచ్చింది. టైపు చేసింది నేనే. "గురువారం మధ్యాహ్నము లోగా అసలు అపరాధి తేలని పక్షమున తమరినే అపరాధిగా భావించి విధుల నుండి తొలగించడమగును."

కింద ఇంకో ఉత్తర్వు. విచారణ అధికారి, పంపన సూర్యారావు. గడువు మూడు రోజులు.

* * *

హైమవతి దగ్గర ఒక ఆధారం ఉంది. రోజుకు మూడుసార్లు ఒక్కొక్క ఎలుక నుంచి ఒక్కొక్క చుక్క నెత్తురు తీసి ఆ హార్మోను ఎంతుందో చూస్తుంది.

"ఉదయం పదింటికి అన్నీ బాగానే ఉన్నాయి," అంది కాగితాలు నా ముందు పరిచి. "పదకొండున్నరకి ఆకాశాన్నంటుతోంది. రోజూ ఇంతే. ఆదివారాలు కూడా. పదింటికీ పదకొండున్నరకీ మధ్య ఆ గదిలో ఏదో జరుగుతోంది సూర్యారావు గారూ."

నేను ప్రవేశ రిజిస్టరు తెప్పించాను. అది ప్రశాంత గది తలుపు లోపలి వైపు మేకుకు వేలాడుతూ ఉంటుంది. లోపలికి వెళ్లే ప్రతి ఉద్యోగీ పేరు, వేళ రాసి సంతకం పెట్టాలి. నలభై ఒక్క పేజీలు తిరగేశాను. నూకరత్నం ఎనిమిదింటికి వెళ్లింది, ఎనిమిదీ నలభైకి వచ్చేసింది. మళ్లీ పన్నెండున్నరకు వెళ్లింది. హైమవతి నెత్తురు తీయడానికి పదింటికి వెళ్లి అయిదు నిమిషాల్లో వచ్చేసింది, పదకొండున్నరకూ సాయంత్రమూ అంతే. నడుమ తలుపుకు తాళం. తాళం చెవులు రెండే. ఒకటి ఆఫీసులో నా వెనక గోడకు ఉంటుంది. రెండోది డైరెక్టర్ గారి సొరుగులో.

తాళం వేసిన గది. ఎవరూ వెళ్లలేదు. అయినా ఎలుకలు హడలిపోతున్నాయి.

ప్రతి పేజీ అడుగునా ఆకుపచ్చ సిరాతో ఒక వాక్యం ఉంది. "పరిశీలించితిని. అనధికార ప్రవేశములు లేవు. ఉ. 11.10." దాని కింద పొట్టి సంతకం. అది ప్రవేశం కాదు, పరిశీలన. మా ఆఫీసులో నీలం సిరాతో రాసినది చదువుతాం. ఆకుపచ్చ సిరాతో రాసినది పాటిస్తాం. చదివే అలవాటు లేదు. అందుచేత నేను "ఎవరూ ప్రవేశించలేదు" అని రాసుకుని, నూకరత్నాన్ని పిలిపించాను.

"కూర్చో నూకరత్నం."

"పరవాలేదండి. నిలబడే పదకొండేళ్లయిందండి."

"పదకొండు ప్రాంతంలో ఆ గదిలోకి ఎవరైనా వస్తున్నారా?"

"వత్తారండి. రోజూ పదకొండూ పదికి వరండాలో కిర్రుకిర్రుమని బూట్ల సప్పుడౌద్దండి. నేను పక్కగదిలో శనగలేరుకుంటా తలుపు సందులోంచి సూత్తా ఉంటానండి. తాళం తీత్తారండి. ఒక్కో బోను మూత ఎత్తుతారండి. పెన్నుతో టకాటకా కొడతారండి. 'ప్రశాంతంగా ఉన్నారా?' అంటారండి."

"ఎలుకలను?"

"ఎలకల్నేనండి. అయ్యేం సెప్తాయండి? సెప్పకపోతే ఇంకా గట్టిగా అడుగుతారండి. మొన్నోటి మూల నక్కిందని తోక పట్టుకుని పైకెత్తి, 'నీ మొహంలో ప్రశాంతత కనబడ్డం లేదు, కారణం చెప్పు' అన్నారండి. అది అక్కడికక్కడే తడిపేసిందండి."

"ఎవరు?"

నూకరత్నం నావైపు చూసింది. నేను ఫ్యాను వైపు చూశాను.

"మీకు తెల్దేటండి?"

"నాకు తెలిసినా తెలియనట్టే. సాక్షి చెప్పాలి."

"మా ఆయన పేరే ఇరవయ్యేళ్లల్లో నా నోటంట రాలేదండి. ఆరి పేరు సెప్పమంటారేటండి? మీరే రాసుకోండి."

"నేను రాయకూడదు. విచారణలో పై అధికారి పేరు రాయాలంటే ఆ పై అధికారి లిఖితపూర్వక అనుమతి ఉండాలి."

"ఆయ్. అయితే ఇంక ఎలకలే సెప్పాలండి."

ఇంకో సంగతి మిగిలింది. తొమ్మిదింటికి పొట్టలు వచ్చాయి. కిటికీ పక్క బోనులో ఉన్న మూడింటికి ఎందుకు రాలేదు? అడగ్గానే నూకరత్నం మొహం పాలిపోయింది. తలుపు దగ్గరగా వేసి వచ్చి, గొంతు తగ్గించింది.

"తప్పేనండి. మద్దినేళ నేనా కిటికీ కాడే అన్నం తింటానండి. పులుసులోనూ, కూరలోనూ కరేపాకు వత్తాది గదండి. అందరూ తీసి పారేత్తారు. ఆ మూడూ ఊసల్లోంచి మూతులు బయటికెట్టి అడుగుతాయండి. తీసి పారేసేదే గదా అని పెట్టేదాన్నండి. తర్వాత తర్వాత చెట్టుది పచ్చి రెబ్బ కూడా తుంపి పెట్టానండి. రోజూనండి. బయట తిండి పెట్టకూడదని బోర్డుందండి. ఇది రాసేత్తారేటండి? రాత్తే ఇప్పుడే పోద్దండి నా ఉద్యోగం."

నేను కలం మూత పెట్టేశాను. ఆ సంగతి అప్పటికి రాయలేదు. హైమవతికి మాత్రం చెప్పాను. ఆవిడ కుర్చీలోంచి లేచి, మళ్లీ కూర్చుని, నా మోచెయ్యి పట్టుకుంది.

"సూర్యారావు గారూ! మన పరిశోధన జరిగిపోయింది. మనకు తెలియకుండా, వేరే గదిలో!"

* * *

"సాక్షి ఏమంటోంది?" అన్నారు డైరెక్టర్ గారు మంగళవారం సాయంత్రం.

"ఎలుకలే చెప్పాలంటోంది సార్."

హేళన అనుకుని మండిపడతారేమోనని భయపడ్డాను. ఆయన కళ్లు మెరిశాయి.

"అద్భుతం! గుర్తింపు కవాతు జరుపుదాం. బాధితులు ఎలుకలు. బాధితులే నిందితుణ్ణి గుర్తించాలి. న్యాయశాస్త్రం అదే చెబుతోంది."

బుధవారం పదిన్నరకు ప్రశాంత గదిలో కవాతు మొదలైంది. విధివిధానాలు ఆయనే చెప్పి రాయించారు. "ఉద్యోగి సమీపించినపుడు ఎలుక ఊసల వద్దకు వచ్చిన యెడల సదరు ఉద్యోగి నిర్దోషి. మూలకు పోయిన యెడల దోషి. ఎలుకల నిర్ణయమే అంతిమము." బోనుల పక్కనే ఒక కుర్చీ వేయించుకుని, కాలు మీద కాలు వేసుకుని ఆయన కూర్చున్నారు.

మొదట హైమవతి వెళ్లింది. పన్నెండు ఎలుకలూ మూలలకు అతుక్కుపోయాయి. "దోషి," అన్నారు డైరెక్టర్ గారు. నేను రాసుకున్నాను.

స్టోర్ కీపరు వెళ్లాడు. దోషి. డ్రైవరు, ఇద్దరు గుమాస్తాలు, తోటమాలి అందరూ దోషులే. జీవితంలో ఎప్పుడూ జంతుశాల గుమ్మం తొక్కని లైబ్రేరియన్ వెళ్తే, ఒక ఎలుక గడ్డిలో తల దూర్చేసింది. "కరడుగట్టిన దోషి," అన్నారాయన. నేనూ వెళ్లాను. నా దోషిత్వం నేనే రాసుకున్నాను.

పదిహేడో మనిషిగా నూకరత్నం వెళ్లింది. అరచేతిలో నాలుగు శనగలు పెట్టుకుని, "రండమ్మా, నేనే," అంది. ఒక్కటీ కదల్లేదు.

"నన్ను కూడానేటమ్మా?" అంది చిన్నగా.

"స్పష్టం!" అన్నారు డైరెక్టర్ గారు. "తిండి పెట్టిన చేతినే నిరాకరిస్తున్నాయంటే..."

అప్పుడు ఆయన సెల్‌ఫోను మోగింది. కమిషనర్ గారి ఆఫీసు నుంచి. ఆ గదిలో సిగ్నలు అందదు. ఆయన లేచి కిర్రుకిర్రుమంటూ వరండాలోకి, వరండాలోంచి తోటలోకి వెళ్లిపోయారు.

అర నిమిషం గడిచింది. కిటికీ పక్క బోనులోంచి ఒక ముక్కు బయటికి వచ్చింది. తర్వాత రెండోది. నిమిషంలో పన్నెండు ఎలుకలూ ఊసల దగ్గరున్నాయి. పొట్టలు ఈడ్చుకుంటూ వచ్చినవి కూడా. నూకరత్నం చేతిలోంచి శనగలు తీసుకున్నాయి. ఒకటి లైబ్రేరియన్ వేలు నాకింది. అరవై దాటబోతున్న ఆ పెద్దమనిషి కళ్లు చెమర్చాయి.

నాలుగో నిమిషంలో తోటవైపు నుంచి వినిపించింది. కిర్రు. కిర్రు.

శనగలు జారిపోయాయి. పన్నెండు ఎలుకలూ మూలల్లో ఉన్నాయి.

పదిహేడుమందిమీ చూశాం. ఒకరి కళ్లలోకి ఒకరం చూడకుండా జాగ్రత్తపడ్డాం.

"ఎక్కడిదాకా వచ్చాం?" అన్నారు డైరెక్టర్ గారు కూర్చుంటూ.

"పదిహేడుమందీ దోషులేనని తేలింది సార్," అన్నాను.

"నేను లేనప్పుడు ఏమైనా జరిగిందా?"

"అధ్యక్షుల వారు లేనప్పుడు జరిగినది కార్యక్రమం కిందికి రాదు సార్."

"కరెక్ట్," అన్నారాయన సంతృప్తిగా. "పదిహేడుమందిని తొలగిస్తే రేపు షామియానా దగ్గర ఎవరూ ఉండరు. కనక అందరి తరఫునా నూకరత్నాన్ని తొలగిద్దాం. రిపోర్టు రాసెయ్యి."

* * *

రిపోర్టు రాశాను. దానికి ముందు ఒక నోటు రాశాను. పాతికేళ్ల సర్వీసులో నేను రాసిన నోట్లలో అది నాకు నచ్చిన ఒక్కటి.

"విచారణలో తేలిన వ్యక్తి హోదా దృష్ట్యా, సదరు వ్యక్తి పేరును రిపోర్టులో పేర్కొనుటకు తమరి అనుమతి కోరడమైనది."

డైరెక్టర్ గారు 'హోదా' అన్న మాట దగ్గర ఆగారు. ఆయన పెదవుల మీద నెమ్మదిగా ఒక చిరునవ్వు వచ్చింది. పరిశోధన పత్రం మీద ఎవరి పేరు ముందు రావాలన్న విషయంలో ఆయనకూ హైమవతికీ ఏడాదిగా గొడవ నడుస్తోంది.

"నూకరత్నం కాదన్నమాట. హైమవతా?" అన్నారు ముందుకు వంగి.

"పేరు పలకడానికి అనుమతి ఇంకా రాలేదు సార్."

ఆయన ఆకుపచ్చ కలం తీశారు. "అనుమతించడమైనది. ఎంతటివారైననూ ఉపేక్షింపరాదు. కమిషనర్ గారి సమక్షమున కవరు తెరిచి నేనే బహిరంగముగా చదివెదను."

కవరు అంటించి, లక్క వేసి, సీలు కొట్టాను.

* * *

గురువారం పదింటికి కమిషనర్ గారు వచ్చారు. ముప్పై అయిదేళ్లుంటాయి. పూలదండ తీసి పక్కన పెట్టి, "మొదలుపెట్టండి," అన్నారు. షామియానా కింద ఎనభై మందిమి. బల్ల మీద బోనులు. చివర్లో, చెప్పులు విడిచి, నూకరత్నం. మెమో మడిచి కొంగున ముడివేసుకుంది.

డైరెక్టర్ గారు మైకు పట్టుకున్నారు. మాత్ర సంగతి కాసేపు దాటవేసి, ఒత్తిడి గది సంగతి ఎత్తుకున్నారు.

"రోజుకు రెండుసార్లు నా సమీక్షా సమావేశం విన్న పన్నెండు ఎలుకలకూ గ్రాము కొవ్వు చేరలేదు మేడమ్. ఇది విప్లవాత్మకం. ప్రతి కార్యాలయంలోనూ రోజుకు రెండు సమీక్షలు నిర్బంధం చేస్తే రాష్ట్రంలో ఊబకాయం ఉండదు. దీనికి 'సమీక్షా చికిత్స' అని..."

"మాత్ర ఏదండీ?" అన్నారు కమిషనర్ గారు.

హైమవతి లేచింది. మూడు బోనులు ఒక పక్కకూ, కిటికీ పక్క బోనును ఇంకో పక్కకూ జరిపింది.

"ఈ తొమ్మిదీ, ఈ మూడూ ఒకే గదిలో ఒకే ఒత్తిడి అనుభవించాయి మేడమ్. నెత్తురు పరీక్షలు ఇవిగో. తొమ్మిదింటికి పొట్టలు వచ్చాయి. మూడింటికి రాలేదు. ఈ మూడూ కరివేపాకు తిన్నాయి."

కమిషనర్ గారు కళ్లజోడు పెట్టుకుని వంగి చూశారు. "బాగుంది. మూడు చాలవు, మళ్లీ చేయాలి. కానీ దారి కనిపిస్తోంది. ఒత్తిడి ఏమిటి?"

హైమవతి నన్ను చూసింది. నేను డైరెక్టర్ గారిని చూశాను.

"బోర్డు మీద ప్రశాంత గది అని ఉంది. అందులో ఇంత ఒత్తిడి ఎక్కణ్నుంచి వచ్చింది? అది లేకుండా ఈ ఫైలు నేను పైకి పంపను."

"అపరాధి దొరికిపోయాడు మేడమ్!" అన్నారు డైరెక్టర్ గారు ఉత్సాహంగా. "దొరికింది అనాలేమో." హైమవతి వైపు ఓరగా చూసి, లక్క పగలగొట్టి, కాగితం విప్పి, గొంతు సవరించుకున్నారు.

"పై విచారణలో తేలిన అంశములను బట్టి, జంతుశాల కాంట్రాక్టు ఉద్యోగిని శ్రీమతి నూకరత్నం గారికి జారీ చేసిన మెమోను ఇందుమూలముగా రద్దు పరచుచు..."

ఆగి నా వైపు చూశారు. వాక్యం మధ్యలో ఆగడం ఆయనకు అలవాటు లేదు. కొనసాగించారు.

"...ఆమె కిటికీ పక్క బోనులోని ఎలుకలకు పెట్టిన కరివేపాకును పరిశోధనలో భాగముగా గుర్తించుచు, ఆమె ఉద్యోగమును పర్మనెంటు చేయుటకు సిఫారసు చేయుచు, సదరు ఎలుకలకు నలభై ఒక్క రోజులపాటు ప్రతి ఉదయము పదకొండు గంటల పది నిమిషములకు దీర్ఘకాలిక ఒత్తిడి కలిగించిన ఏకైక వ్యక్తి..."

ఆయన కళ్లు కింది పంక్తికి దిగాయి. మైకులో ఊపిరి మాత్రం వినిపించింది. రిజిస్టరులోని నలభై ఒక్క ఆకుపచ్చ సంతకాల నకళ్లు ఆ పంక్తి కిందే కుట్టి ఉన్నాయి.

"చదవండి," అన్నారు కమిషనర్ గారు.

"అక్షరాలు అలుక్కుపోయాయి మేడమ్." కాగితం మడత పడుతోంది.

షామియానా కింద ఎనభై మందిమీ ఫ్యాన్ల కోసం పైకి చూశాం. అక్కడ ఫ్యాన్లు లేవు. నూకరత్నం కొంగు ముడి మీద చెయ్యి వేసుకుని, కళ్లు మూసుకుంది.

"అయ్యో," అన్నారు కమిషనర్ గారు నిజంగానే బాధపడుతూ. "యంత్రం లేదు, కరెంటు లేదు, చన్నీళ్లు లేవు. ఉత్తి మనిషి వచ్చి నిలబడితే ఇంత ఒత్తిడి! ఇలాంటి మనిషి ఎక్కడ దొరుకుతాడండీ? ఆ మనిషి లేకపోతే ఈ పరిశోధనే లేదు. పత్రంలో మొదటి పేరు ఆయనదే అయ్యుండాలి."

హైమవతి మెల్లగా చెయ్యి ఎత్తింది. "పేరు అలుక్కుపోతే, మొదట నా పేరు వేసేయండి మేడమ్. నాకేం అభ్యంతరం లేదు."

డైరెక్టర్ గారి చేతిలో కాగితం మడత విచ్చుకుంది. ఆయన ఒక చేత్తో టై సరిచేసుకున్నారు. కిర్రు, కిర్రు, కిర్రుమని మూడు అడుగులు వేసి మైకుకు మరింత దగ్గరగా వచ్చారు. బల్ల మీద పన్నెండు ఎలుకలు మూలలకు అతుక్కుపోయాయి.

"...ఎవరనగా," అని చదివారాయన, ఛాతీ విరుచుకుని, డిగ్రీ డిగ్రీకీ ఆగుతూ, సామర్లకోట రోడ్డు దాకా వినబడేలా, "డాక్టర్ కందర్ప వెంకట సత్య ఉమాశంకరం, ఎం.ఎస్సీ., ఎం.ఫిల్., పీహెచ్.డీ., డైరెక్టర్!"